మల్లెతోటకు పోసిన నీళ్లు

సాయంత్రం పూట తిరుచానూరు గుడివీధిలో గుండుమల్లెల గంపలు దించి, పైనున్న తడిగుడ్డ తీయగానే ఒక వాసన లేస్తుంది. దారిన పోయేవాళ్లు ఆగిపోతారు, బేరమాడి రెండు మూరలు తలలో పెట్టుకొని సంతోషంగా పోతారు. నేను మాత్రం పక్కవీధిలోంచి చుట్టూ తిరిగి ఇంటికి చేరతాను. ఎందుకని తెలిసినవాళ్లు అడిగితే, ఆ వాసనకు తలనొప్పి వస్తుందని అబద్ధం చెబుతాను. యాభై దాటిన మనిషి మల్లెపూలకు మొహం చూపించలేక తప్పించుకొని తిరుగుతోందంటే ఎవరు నమ్ముతారు?

ఆ ఊరి దాపునే, స్వర్ణముఖి ఇసుక కనబడేంత దూరంలో, మాకు అర ఎకరం మల్లెతోట ఉండేది. దాన్ని ఆనుకొనే చిన్నాయన చేను. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకే బావి, ఒకరోజు నీళ్లు మాకు, మరుసటిరోజు ఆయనకు. ఆయన చేనికి పోయే కాలవ మా తోట గట్టు వెంబడే పారేది. కాలవ గట్టుకు గండి కొట్టి నీళ్లు మళ్లించే చోటును మా వైపు మడవ అంటారు. నాలుగు గుప్పిళ్ల మట్టి తీస్తే నీళ్లు ఇటు వస్తాయి, ఆ మట్టే తిరిగి పెడితే అటు పోతాయి. అంత తేలికైన పని కాబట్టే ఎనిమిదేళ్ల పిల్లకు చేతనైంది.

ఎండలు ముదిరే కాలమంతా మా ఇంట్లో తెల్లవారేది తోటలోనే. వెలుగు రాకముందే, మొగ్గ విచ్చకముందే కోసేయాలని అమ్మ నన్ను లేపి తీసుకుపోయేది. కళ్లు నులుముకుంటూ, ఒళ్లో మొగ్గలు నింపుకుంటూ, తెల్లవారుజాము తేమకు తడిసిన ఆకులు మోకాళ్లకు తగిలి ఉలిక్కిపడుతూ, సాలు చివరకొచ్చేసరికి వేళ్లనిండా పచ్చి వాసన. ఇంటికొచ్చాక అమ్మ అరటినార తడిపి చేత్తో కట్టేది, ఆమె వేళ్లు ఆడుతుంటే మాల దానంతటదే పెరుగుతున్నట్టుండేది. ఉగాది నాడు కోసిన మొదటి గంప మాత్రం ఇంట్లో ఎవరూ ముట్టేవాళ్లు కాదు. అది అమ్మవారిది. నాయనా చిన్నాయనా స్నానాలు చేసి, ఆ గంపను మార్చి మార్చి నెత్తిన పెట్టుకొని గుడికి నడిచేవాళ్లు. వెనక్కి వచ్చేటప్పుడు చిన్నాయన భుజాల మీద నేను, నా చేతిలో బొరుగులూ బెల్లమూ. ఆయనకు ముగ్గురూ మగపిల్లలే, అందుకని ఊళ్లో అందరికీ నన్ను మా పాప అనే చెప్పుకునేవాడు.

కార్తీకం పోయిందంటే మాత్రం ఆ తోటను చూడలేకపోయేదాన్ని. నాయన నీళ్లు ఆపేసేవాడు. మేకల మందను తోలి ఆకంతా మేపించేవాడు. ఉత్త పుల్లలు మిగిలేవి, నేల నెర్రెలు బారేది. అంతటితో చాలదన్నట్టు, పుష్యంలో కత్తి పట్టుకొని ఆ పుల్లల్ని మోకాలి ఎత్తుకు నరికేవాడు. చెట్టును అట్లా ఎండగడితేనే మొగ్గ పడుతుందని, నీళ్లు తాగిన మల్లె ఒట్టి ఆకే వేస్తుందని నాకెవరూ చెప్పలేదు. ఒకసారి అమ్మనడిగితే, నానబెట్టిన అనపగింజల్ని పితికిపప్పు కూరకోసం వేళ్ల మధ్య పితుకుతూ, అది నాయన పని, నీకెందుకని కసిరింది. ఆ కూర, రాగి సంగటి కడుపునిండా తిని పడుకుంటే, నాకు తోట గుర్తొచ్చి ఏడుపొచ్చేది.

నాకు ఎనిమిదేళ్లు వచ్చిన సంవత్సరం, కార్తీకం పోయి తోటకు నీళ్లు ఆపేశాక, నాయన బెల్లం వండేదానికి పక్కూరి గానుగ దగ్గరే నెలన్నర ఉండిపోయాడు. పాకం చూడటంలో ఆయన చేయి తిరిగినవాడు. పోయేముందు, తోటను కాస్త చూస్తుండమని తమ్ముడికి చెప్పి పోయాడు. చిన్నాయన వంతు రోజుల్లో నీళ్లు మా గట్టు పక్కనే గలగలమని పోతుంటే, ఇవతల చెట్లు నాలుక పిడచకట్టుకొని చూస్తున్నట్టుండేది నాకు. ఒకరోజు బడికి పోయేముందు మడవ తీశాను. అరగంట పారించి మళ్లీ కట్టేశాను. ఆ తర్వాత ఆయన వంతు వచ్చిన ప్రతిసారీ అదే పని. దొంగతనం చేస్తున్నానన్న భయమూ, పుణ్యం చేస్తున్నానన్న గర్వమూ రెండూ ఉండేవి. ఒకసారి చిన్నాయన చూశాడు కూడా. దూరంగా చేని చివర పార పట్టుకొని నిలబడి, "ఏం పాపా, ఆడ నీళ్లల్లో ఆడుకుంటా ఉండావా? సలి పడతాది, ఇంటికి పో" అన్నాడు.

నాయన తిరిగొచ్చేసరికి తోట పచ్చగా చిగిర్చి ఉంది. ఆలస్యంగానే కొమ్మలు నరికి, ఎరువు వేసి ఎదురుచూశాడు. ఉగాది వచ్చింది. నడుమెత్తు ఆకు వచ్చింది గానీ, వెదికినా దోసెడు మొగ్గల్లేవు. అమ్మ ఓళిగలు కాలుస్తోంది, ఇల్లంతా నెయ్యి వాసన. స్నానం చేసి, గంప మోయడానికని చిన్నాయన కొత్తపంచెతో వచ్చాడు. ఖాళీ గంప నడవలో బోర్లించి ఉంది.

"నిన్ను నమ్మి పోతే, నా తోట మింద నీళ్లు ఇడిసినావు గదరా" అన్నాడు నాయన.

తానెందుకు విడుస్తానని చిన్నాయన ముందు నవ్వబోయాడు. నాయన నవ్వలేదు. అమ్మవారి గంప ఖాళీ చేసినవాడివని, ఓర్వలేకే చేశావని, నోటికొచ్చిందల్లా అన్నాడు. అప్పుడు చిన్నాయన మొహం ఎత్తి నన్ను చూశాడు. నేను స్తంభాన్ని పట్టుకొని నిలబడి ఉన్నాను. ఆయనకు తెలిసిపోయింది. నేను నోరు తెరుస్తానేమోనని చూశాడు, చాలాసేపే చూశాడు. నేను స్తంభం వెనక్కి జరిగాను. "అట్లే అనుకోన్నా" అని చెప్పి ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మరుసటేడు నాయన ఎవరికీ అప్పజెప్పకుండా దగ్గరుండి తోటను ఎండగట్టాడు, అది విరగబూసింది. నేను పోసిన నీళ్లే మొగ్గ పడకుండా చేశాయని అప్పుడే నాకు అర్థమైంది. మొదటి ఏడు భయంతో చెప్పలేదు. ఆ తర్వాత సిగ్గుతో చెప్పలేదు. ఆ తర్వాత, ఇన్నేళ్లు దాచినదాన్ని ఎట్లా చెప్పడమని చెప్పలేదు. నాయన వేరే బోరు వేయించుకున్నాడు. చిన్నాయన చేను అమ్ముకొని పెళ్లాం బిడ్డల్తో పూతలపట్టు పక్కకు, అత్తగారి ఊరికి వెళ్లిపోయాడు. నా పెళ్లికి రాలేదు, నాయన పిలవలేదు. మా తోట కూడా పోయింది. బావిని పూడ్చి, సాళ్లను చదును చేసి యాత్రికులకు లాడ్జి కట్టారు. మేకలు ఆకు మేసినచోట కార్లు ఆపుకుంటున్నారు. మొగ్గ కోసే చేతులు, మాల కట్టే చేతులు, గంప మోసే నెత్తులు, ఏవీ లేవు. అమ్మ పోయి పదేళ్లు.

పోయిన నెల చిన్నాయన పోయాడని కబురొచ్చింది. నాయన ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. పోదామని ఎంత చెప్పినా కదల్లేదు. పెద్దకర్మ కూడా అయిపోయాక, మధ్యాహ్నం అన్నం తింటూ, "నేనే సేసినానని వాడు ఒక్క మాట ఒప్పుకొనుంటే, ఆపొద్దే పోయి పిలుసుకోనొచ్చేవాణ్ణి" అన్నాడు. ఆ మాటకు తట్టుకోలేకపోయాను. మడవ తీసింది నేనని, చిన్నాయనకు తెలిసీ చెప్పలేదని, మొత్తం చెప్పేశాను. చెప్తే గుండె తేలికవుతుందంటారు, నాకేమీ కాలేదు. నాయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

"ఇప్పుడెందుకు సెప్పినావు పాపా" అన్నాడు.

తిట్టలేదు, ఏడవలేదు. అప్పట్నుంచీ పెడితే తింటున్నాడు, పిలిస్తే పలుకుతున్నాడు. తమ్ముడు దూరమైనా, తప్పు తమ్ముడిదేనన్న కోపం ఒకటి ఆయనకు ఇన్నేళ్లూ తోడుగా ఉండింది. ఆ కోపాన్ని కూడా నేనే తీసేసుకున్నాను.