గంటకు ఇవ్వని రక్తం

ఇంటర్ పిల్లలకు గరిష్ఠం, కనిష్ఠం లెక్కలు చెబుతూ ఒక్క పీరియడ్‌లోనే మూడుసార్లు నీళ్లకోసం ఆగాను. అప్పుడు నాకు ఆరో నెల. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. అందుకే ఆ సాయంత్రమే దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

"మొన్నటి ఫాస్టింగ్ షుగర్ నార్మలే. అయినా జీటీటీ, అంటే గ్లూకోజ్ టాలరెన్స్ టెస్టు చేద్దాం. గ్లూకోజ్ తాగాక అరగంటకోసారి, రెండు గంటల దాకా రక్తం ఇవ్వాలి" అన్నారావిడ.

మర్నాడు ఫాస్టింగ్, అరగంట శాంపిల్స్ ఇచ్చి, పక్క వీధిలోని కాలేజీకి క్లాసు చెప్పడానికి పరుగెత్తాను. గంటది, గంటన్నరది ఎగ్గొట్టి, రెండు గంటలదానికి తిరిగొచ్చాను. చేతిలో మూడు రీడింగులున్నాయి. వాటి మీదుగా పారాబొలా గీసి, డిఫరెన్షియేట్ చేసి, సున్నాకు సమానం చేశాను. గరిష్ఠం షుగర్ ఉండాల్సిన హద్దు లోపలే వచ్చింది. ఆ కాగితం డాక్టరమ్మ ముందు గొప్పగా పెట్టాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆవిడ నవ్వారు. "పారాబొలా రెండు వైపులా ఒకేలా ఉంటుంది మేడం. ఒంట్లో షుగర్ ఎక్కే తీరు వేరు, దిగే తీరు వేరు. నాకు మీ లెక్క వద్దు, గంటకు ఇవ్వాల్సిన రక్తం కావాలి."

రెండోసారి టెస్టుకు మా ఇంటి ఓనరు లక్ష్మమ్మగారు వెంట వచ్చారు. మన్సూరాబాద్‌లో పొలం ప్లాట్లు చేసి అమ్మి, ఇల్లు కట్టి, మాకో పోర్షన్ కిరాయికిచ్చిన మనిషి. "ఏంది బిడ్డా, గా క్లాసు ఒక్కరోజు ఆగదా? లేసినవంటే కాళ్లు ఇరగ్గొడ్త!" అంటూ బెంచీ మీద నా కొంగు పట్టుకుని కూర్చున్నారు.

గంట రీడింగు నా గరిష్ఠాన్ని దాటి ఎక్కడికో పోయింది. "జెస్టేషనల్ డయాబెటిస్" అన్నారు డాక్టరమ్మ. ఈ బిడ్డ కూడా దక్కదేమోనని అక్కడే ఏడ్చేశాను.

మూడు వారాలు పథ్యం చేసినా షుగర్ దిగలేదు. ఇన్సులిన్ మొదలుపెట్టారు. సిరంజి మరగబెట్టి నేనే పొడుచుకునేదాన్ని. లక్ష్మమ్మగారు జొన్నరొట్టె చేసి పెట్టి, "తిన్నవ్ గద, జర నడువు" అంటూ సగం కట్టిన ఇళ్ల మధ్య, ఇసుక కుప్పలు తప్పిస్తూ తిప్పేవారు. ఎంత విసుక్కున్నా వదల్లేదు.

పాప పుట్టింది. క్షేమంగా పుట్టింది. ఆ తర్వాత నా షుగర్ నార్మల్‌కొచ్చింది, ఏటా టెస్టు మాత్రం చేయించుకుంటున్నాను.

జీటీటీకి వెళ్లేవాళ్లకు నా మాట ఒక్కటే: ఆ రోజుకు సెలవు పెట్టండి, మిమ్మల్ని లేవనివ్వని మనిషిని వెంట తీసుకెళ్లండి. నాకు అలాంటి మనిషి దొరికింది. పాప ఆవిణ్ని అమ్మమ్మా అని పిలుస్తుంది.