అరువు ముసలితనం

వృద్ధుల సంరక్షణలో పీజీ చేస్తున్న రోజులవి. ముసలితనం అంటే ఏమిటో అనుభవంలోకి రావాలని మా మేడమ్ నా మోకాళ్లకు ఇసుక సంచులు కట్టి, చెవుల్లో దూది, కళ్లకు మసక అద్దాలు పెట్టి, ప్రొద్దుటూరు బజారులో గంట సేపు తిరిగి రమ్మన్నారు.

బంగారు అంగళ్ల దగ్గర రోడ్డు దాటలేక నడిమధ్యలో నిలబడిపోయాను. చుట్టూ ఆటోలు. ఏడుపొక్కటే తక్కువ. ఇంతలో ఎవరో నా చెయ్యి పట్టుకుని గట్టుకు లాక్కొచ్చారు. అద్దాలు తీసి చూస్తే, ఎనభై ఏళ్ల అవ్వ, చంకలో మందుల సంచి!

"ఏం పాపా, ఈ వయసుకే ఇట్లుండావు! రేప్పొద్దున ముసలిదానివైతే ఎట్ల బతుకుతావు?" అంది.

గబగబా అద్దాలు మళ్లీ పెట్టేసుకున్నాను.

'వృద్ధులు బయటికొస్తే తోడు తప్పనిసరి' అని రిపోర్టు రాశాను. మంచి మార్కులే వచ్చాయి. ఎవరికి ఎవరు తోడొచ్చారో మాత్రం రాయలేదు.