మూడు గొట్టాల తుపాకి పుట్టిల్లు

ముసలి మేస్త్రీ కిరసనాయిలు గుడ్డతో నాలుగోసారి రుద్దాడు. తుపాకి గొట్టాల అడుగున గట్టిపడిన పసుపు పెచ్చుగా లేచి వచ్చింది. దాని కింద అయిదు అంకెలు కనిపించాయి. ఇన్‌స్పెక్టరు భూతద్దం పెట్టి ఒక్కో అంకె పైకి చదువుతుంటే, నేను లైసెన్సు పుస్తకంలో వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. అయిదోది కూడా కలిసింది. అంతవరకు నిలబడే ఉన్న మా మేనమామ స్టేషను అరుగు మీద కూలబడి, "అల్లుడా, రోన్ని నీళ్లు తాపించు" అన్నాడు.

రాజధాని కర్నూలులో ఉన్న రోజులవి. నేనక్కడ ఒక పత్రికకు వార్తలు పంపేవాణ్ణి. మామది కోయిలకుంట్ల దగ్గర పల్లె. జొన్నచేల మీద పడే అడవిపందుల కోసం మా తాత కొన్న తుపాకి, ఆయన పోయాక మామ పేరుకు మారింది. లైసెన్సు కొత్తది చేయించుకునేటప్పుడల్లా స్టేషనులో చూపించాలి. అన్నేళ్లూ పైపైన చూసి సంతకం పెట్టేవాళ్లు. ఆ ఏడు కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు మాత్రం తుపాకి చేతిలోకి తీసుకున్నాడు. లైసెన్సులో ఉన్నది ఇంగ్లండులో చేసిన జోడు గొట్టాల తుపాకి. చేతిలోని దానికి పైన రెండు, వాటి కింద సన్నగా ఇంకొకటి, మొత్తం మూడు గొట్టాలు. నంబరు ఎంత వెదికినా కనిపించలేదు.

అసలు తుపాకి ఎవరికో అమ్మి, ఇంకెక్కడిదో తెచ్చిపెట్టాడని ఆయన అనుమానం. పార్టీ కక్షలున్న మా వైపు ఊళ్లలో అట్లా అనుకోవడం వింతేమీ కాదు. మామ ఏ పార్టీ మనిషీ కాడు, కాని కేసు పెట్టాక ఆ మాట వినేదెవరు? ఇన్‌స్పెక్టరు వారం గడువిచ్చి తుపాకిని తన దగ్గరే ఉంచుకున్నాడు.

మామ కర్నూలు వచ్చి నా గదిలో రెండు రోజులు అన్నం సరిగా ముట్టలేదు. కర్నూలు పాత ఊళ్లో తాతల నాటినుంచి తుపాకులు బాగుచేసే కుటుంబంలోని మేస్త్రీ ఒకాయన ఉన్నాడని తెలిసి, బతిమాలి బస్సెక్కించి స్టేషనుకు తీసుకుపోయాం.

ఆయన గొట్టాలు ఊడదీసి చూస్తూనే నవ్వాడు. "ఏమప్పా, తుపాకికి పూజ చేసినారా, సమాధి కట్టినారా?"

"నన్నడుగుతావేమి సాయిబూ, మా ఇంట్లో ఆడోళ్లనడుగు" అన్నాడు మామ.

తప్పు అక్కడే జరిగింది. మహర్నవమికి ఆయుధపూజ చేసేటప్పుడు, మూసి ఉన్న ఆయుధానికి పూజ చెల్లదని మా వాళ్ల నమ్మకం. తుపాకిని తూటాలు పెట్టే చోట విరిచి తెరిచి, ఆముదంలో కలిపిన పసుపు లోపలి ఇనుముకు పూసేవాళ్లు. పూజ పసుపు తుడవడం అపచారం. ఏటేటా పొర మీద పొర పడి నంబరు కప్పబడిపోయింది.

నీళ్లు తాగుతున్న మామను చూస్తూ ఇన్‌స్పెక్టరు, "నంబరు సరేనండీ, మూడో గొట్టం మాటేమిటి?" అన్నాడు.

"మా నాయనకు దాని తూటా యాడా దొరకలేదు సార్. కందిరీగలు గూడు పెడతాండాయని లక్కతో మూసినాడు. పోయినేడు నేనే తీసినా. ఊరుకుండింటే పోయేది!"

మేస్త్రీ ఈలోగా ఇంకో పెచ్చు లేపాడు. "ఈడ సూడు సార్. గద్ద ఉండాది, పక్కన కిరీటం, దాని కింద అచ్చరం. కిరీటం ఇంగ్లీషోళ్లూ ఏస్తారు, ఈ గద్దను మాత్రం ఎయ్యరు. ఇది జర్మనీది. ఏటకని ఇట్ల మూడు గొట్టాలు కూర్చేది శానా మటుకు వాళ్లే." లైసెన్సు రాసిన పాతకాలపు గుమాస్తా తుపాకి చూడకుండానే జోడు గొట్టాలు, ఇంగ్లండు అని వేసి ఉంటాడు. ఇన్‌స్పెక్టరు నవ్వి, దిద్దుబాటుకు తానే కాగితం రాసిచ్చాడు.

బస్టాండు హోటల్లో మామ ఉగ్గాని రెండుసార్లు పెట్టించుకుని, మేస్త్రీ ప్లేటులోని బజ్జీ కూడా తీసుకున్నాడు. "జైలు తప్పిందంటే నా బజ్జీకి వచ్చినావా?" అన్నాడు మేస్త్రీ. నేనూ ఆకలిగా తిన్నాను.

తరువాత వచ్చిన లైసెన్సులో మూడు గొట్టాలని, జర్మనీ అని రాశారు. చేసినవారి పేరు దగ్గర మాత్రం "తెలియదు" అని ఉంది. ఆ పేరు ఉండవలసిన చోట, పై రెండు గొట్టాల మధ్య పట్టీ మీద, ఎవరో ఆకురాయితో నున్నగా రాకేశారు. రాకింది అమ్మినవాడో, కొన్న మా తాతో, ఇప్పటికీ తెలియలేదు.