సూడం ఆర్పని పంకజవల్లి

నేను ఎవరినీ అంత సులభంగా నమ్మే మనిషిని కాను. పాలవాడు నవ్వితే ఇవాళ నీళ్లు ఎక్కువ కలిపాడేమో అనుకుంటాను. అలాంటిదాన్ని, మా తోడికోడలు పంకజవల్లి ప్రతి ఆదివారం తల దువ్వుకుని పక్కనున్న తేని ఊరికి బస్సెక్కుతుంటే ఊరుకుంటానా?

మరిది సుధాకరన్ పోయి రెండేళ్లయింది. పిల్లలు లేరు, పుట్టింట్లో పలకరించే దిక్కు లేదు. ఈ అరవ ఊరు కంబంలో మా ఇల్లే ఆమెకు నీడ. మంచానపడ్డ మా అత్త బంగారుకు స్నానం, అన్నం అన్నీ ఆమె చేతిమీదే. తేనిలో ఏం పనని అడిగితే "కుట్టుపని నేర్చుకుంటుండా అక్కా" అనేది. ఆమె సూది పట్టడం నేనైతే ఏనాడూ చూడలేదు.

మగవాడి వ్యవహారమే అనుకుని ఒకసారి వెనకాలే వెళ్లాను. మగవాడు లేడు. రేకుల కప్పు వేసిన చిన్న చర్చిలోకి వెళ్లి, ఆడవాళ్ల మధ్య కూర్చుని కళ్లు మూసుకుంది. అదీ నమ్మలేదు. ఏమిచ్చి లాగుతున్నారో చూద్దామని గోడ పక్కన నిలబడ్డాను. ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఇంట్లో చెప్పలేదు గానీ, అవసరానికి పనికొస్తుందని దాచుకున్నాను.

అరవవాళ్ల ఆడి మాసం పూజకు పెట్టె తెరిస్తే ఇంటి అమ్మవారి బంగారు ముక్కుపుడక లేదు. ఇక అందరమూ ఒకరినొకరు ఓరకంట చూసుకోవడమే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మావాళ్లు మాత్రం సూడంతో పట్టేస్తామంటారు. సూడమంటే కర్పూరమే. దాన్ని అమ్మవారి ముందు వెలిగించి, "నేను తీయలేదు" అని ఒట్టేసి ఆ మంటను అరచేత్తో కొట్టి ఆర్పాలి. ఆర్పనివాళ్లే దొంగలు.

"ఆర్పనోళ్లు ఈ ఇంట్లో ఉండకూడదు" అన్నారు మా మామ తిరుమలై.

మా ఆయన గోకులకృష్ణన్ పిలవకముందే వచ్చి గబుక్కున ఆర్పేశాడు. తర్వాత నేను ఆర్పాను. పంకజవల్లి మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది.

"నేను తీయలేదు మామా. సూడం మాత్రం ఆర్పను."

"తీయకపోతే ఆర్పేదానికి ఏమి కష్టం?"

నాకూ ఒళ్లు మండింది. చెయ్యి ఆడిస్తే దొంగతనం మాటా పోతుంది, తేని సంగతీ బయటపడదు. "పిచ్చిదానా, కొట్టేయ్" అని చెవిలో గొణిగాను.

ఆమె మామ వైపు తిరిగింది. "నేను ఏసుసామిని నమ్మితిని మామా. ఇంకొక సామి ముందర ఒట్టేసి నన్ను నేను కాపాడుకోను. అక్కకు కూడా కుట్టుపని అని అబద్ధం చెప్పితిని. దినమూ భయపడితిని. ఇంక భయపడను."

"పోదుం!" అని, ఇక చాలన్నట్టు అరవంలో అరిచారు మామ. "దొంగతనమూ చేసి సామినీ మార్చుకుంటివా? ఇప్పుడే పో."

ఆమె లోపలికి వెళ్లి చీరలు సంచిలో పెట్టుకుంది. ఏడుస్తూనే ఉంది, మాట మాత్రం మార్చలేదు. గట్టిగా తుమ్మితే ఉలిక్కిపడే మనిషికి ఇంత గుండె ఎక్కడిదని నాకే భయం వేసింది.

అప్పుడు అత్త మంచం మీదనుంచే గొంతెత్తింది. "ఇల్లు పోతాదని తెలిసి కూడా నిజం చెప్పింది అది. అట్లాంటిది ముక్కుపుడక కోసం అబద్ధమాడుతుందా? దాని ఏసుసామి నాకి వద్దు, దాని చెయ్యి కావాలి. అది ఎక్కడికీ పోదు. దొంగతనం చేసినోళ్లు ఎప్పుడో సూడం ఆర్పేసి తప్పించుకునిరి!"

మామ తల వంచుకున్నారు.

"నన్నెందుకమ్మా అంటావు?" అన్నాడు మా ఆయన.

ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

నేను పంకజవల్లి సంచిలోంచి చీరలు తీసి మళ్లీ దండెం మీద వేశాను. ఆ తర్వాత గదిలోకి వెళ్లి తలుపేసుకుని, మా ఆయన చొక్కా జేబులు ఒక్కొక్కటే వెతకడం మొదలుపెట్టాను.