మాలలో ఉన్నన్నాళ్లూ

మా మిద్దె మీది గదిని యూనివర్సిటీ పిల్లలకు బాడుగకు ఇస్తుంటాను. వాళ్లను చూస్తే నాకు కుళ్లు. దాచుకునేదేముంది? బొరుగులు కట్టిచ్చిన పేపరు ముక్కలు, బస్సుల బోర్డులు చూసి చదువు నేర్చుకున్నవాణ్ణి నేను. వాళ్లకు లైబ్రరీ ఉంది, ఫ్యాను కింద కుర్చీ ఉంది, అర్థం కానిది విడమరిచి చెప్పే మనిషి ఉన్నాడు. అవన్నీ వదిలి, పొద్దు గుంకితే సీసాలు తెచ్చుకుంటారు.

వాళ్లలో ఒకడంటే మరీ కుళ్లు. ధర్మవరంలో మగ్గం నేసేవాళ్ల పిల్లవాడు, చరిత్రలో ఎమ్మే. నేను నెలంతా తంటాలు పడి చదివిన పుస్తకాన్ని వాడు ఒక్క మధ్యాహ్నంలో ముగించి, అందులో తప్పులు కూడా చెబుతాడు. తాగడంలోనూ వాడే ముందు.

ఒకనాడు మెట్ల మీద ఆపాను.

"ఏమప్పా, మీ నాయన ఆడ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకోని నేస్తాంటే, నువ్వు ఈడ తాగుబోతువైతాండావే."

"తాగుబోతంటే పొద్దన్నే తాగేటోడు తాతా. మాది ఊరికే స్నేహితులతో కూసునేది. పోయినేడు అయ్యప్ప మాల ఏసినా. మాలలో ఉన్నన్నాళ్లూ చుక్క ముట్టలేదు. తాగుబోతైతే ఉంటాడా?"

వెనకున్నవాడు అందుకున్నాడు. "తనకు పొయ్యలేదని తాతకు కోపంరా."

వాళ్లు నవ్వుకుంటూ పైకి పోయారు. నాకు నవ్వు రాలేదు. తాగుబోతైతే ఉంటాడా అన్న ఆ మాట నేను చిన్నప్పుడే మా ఇంట్లో విన్నాను.

మా ఊళ్లో మొహర్రానికి పీరును ఎత్తేది మా నాయనే. పండగ ముగిసేదాకా సారా జోలికి పోడు, నీళ్లు పోసుకోనిదే పీర్ల చావిడి తొక్కడు. "తాగుబోతోని చేతికి పీరునిస్తారామే ఎవరన్నా?" అని అమ్మను అడిగేవాడు. ఆమె ఏటేటా నమ్మింది. ఆఖరునాడు పీర్లు ఏటికి పోయిన సాయంత్రమే ఆయన సారా అంగడికి పోయేవాడు. కడుపు ఉబ్బి ఆయన మంచం పట్టిన ఏడాదే నన్ను బడి మాన్పించి శెనక్కాయలు పెరకను పంపినారు.

ఈ ఏడూ ఆ పిల్లవాడు మాల వేశాడు. నల్లబట్టల్లో తెల్లవారుజామునే లేచి వరండాలో చదువుకునేవాడు. అప్పుడు చూడాలి వాడి ముఖం. ఈర్ష్యతో నాకు కాఫీ సయించేది కాదు. కొండ నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రం మళ్లీ మొదలుపెట్టాడు. ఇక ఆపలేదు.

పరీక్ష నాటి పొద్దున వాడే కిందికి వచ్చాడు. చేతులు చాపి చూపించాడు. వేళ్లు వణుకుతున్నాయి.

"పెన్ను నిలస్తాలేదు తాతా. ఒక్క గుక్క పడితే నిలస్తాదేమో. సీసా పైన ఉండాది." చేతులు వెనక్కి తీసుకున్నాడు. "తాగల్లంటే భయమైతాంది."

"గుక్క పడితే మా నాయనకూ చేతులు అట్లే నిలిచేటివప్పా. తాగొద్దు. వంకరగానో టింకరగానో రాసిరా. సాయంత్రం ఆస్పత్రికి పోదాం, నేనూ వస్తా."

యూనివర్సిటీ గేటు దాకా వెంట పోయాను. లోపలికి నన్ను రానివ్వలేదు. వాడు జేబులో చేతులు పెట్టుకుని, తల వంచుకుని హాల్లోకి పోతున్నాడు. జాలి పడాల్సింది. కానీ ఆ వణికే చేతుల్తోనైనా సరే, ఆ బెంచీ మీద కూర్చునేది నేను కాకపోతినే అనిపించింది. గంట కొట్టినా అక్కణ్నించి కదల్లేదు. ఆస్పత్రికి పోవాల్సినవాడు ఇంకో దోవన పోతాడేమోనని, వాడు బయటికి వచ్చేదాకా ఆ గేటు కాడే కూర్చున్నాను.