నూగు ఎదురైన కుర్చీ

మఖమల్ గుడ్డకి నూగుంటుంది. కిందికి నిమిరితే మెత్తగా పడుకుంటుంది, ఎదురు నిమిరితే లేచి రంగు నల్లబడుతుంది. మాడ్రిడ్ రాజభవనంలో కుర్చీలకు మఖమల్ తొడిగేవాళ్లకి ఇది ఓనమాలతో సమానం. అలాంటిది ముప్పై ఏళ్లు ఇదే పని చేసిన సిప్రియానో, ఒక కుర్చీ వీపు గుడ్డని తలకిందులుగా కోశాడంటే ఎవరైనా నమ్ముతారా?

నమ్మాల్సిందే. రెండేళ్ల కిందటే అతని కళ్లకి పొర కమ్మింది. ఆ సంగతి తెలిసింది పెళ్లాం కాసిల్దా ఒక్కదానికే. అక్కడ ఆడది కత్తెర ముట్టకూడదు. అయినా తలుపు గడియపెట్టుకుని ఆవిడే కోసేది, పేరు మాత్రం ఆయనది. బయటపడితే కొలువు పోతుంది, కొలువుతో వచ్చిన ఇల్లూ పోతుంది. మొన్న ఆవిడ జ్వరంతో మంచమెక్కితే ఈ మహానుభావుడికి పౌరుషం పొడుచుకొచ్చింది. మేకులు కొట్టి కొట్టి మొద్దుబారిన వేళ్లతో తడుముకుంటూ పన్నెండో కుర్చీ తనే కోసి బిగించేశాడు. చెబితే వింటాడా మనిషి!

ఇవాళ తనిఖీ. కుర్చీలన్నీ ఎండలో వరసగా పెట్టారు. జ్వరం నుంచి అప్పుడే లేచొచ్చిన కాసిల్దా చూడగానే కనిపెట్టేసింది. పదకొండు ఎర్రగా ఉన్నాయి, చివరిది కమిలినట్టుంది. మారు గుడ్డ లేదు, వ్యవధీ లేదు. అధికారి డాన్ అంబ్రోసియో ఒక్కో వీపునీ అరచేత్తో నిమురుతూ వస్తున్నాడు. తొమ్మిది, పది, పదకొండు. పన్నెండో దాని మీద చెయ్యి ఆగిపోయింది.

"ఇది కోసిందెవరయ్యా?"

కాసిల్దా ముందుకొచ్చింది. "నేనే దొరగారూ. ఆయన వద్దంటున్నా వినకుండా కత్తెర పట్టాను."

ఆడదాని చేతికి కత్తెరిస్తే ఇంతేనని అధికారి విసుక్కున్నాడు. ఇకమీదట ఈవిడ కార్ఖానా గడప తొక్కకూడదన్నాడు. సిప్రియానో కొలువుకి మాత్రం ఢోకా లేదన్నాడు. నోరెత్తకు అన్నట్టు కాసిల్దా మొగుడి చెయ్యి గట్టిగా నొక్కింది.

అతను చెయ్యి విడిపించుకున్నాడు.

"ఆవిడ అబద్ధమాడుతోంది దొరా. నాకు చూపు లేదు. ఆ పదకొండూ ఆవిడ కోసినవే. చెడిపోయిన ఈ ఒక్కటే నాది."

"కొంప ముంచావు కదయ్యా," అంటూ కాసిల్దా ఏడ్చేసింది. ఆ ఏడుపులో కోపం ఎంతో, సంతోషం ఎంతో ఆవిడకే తెలియలేదు.

పదకొండు కుర్చీలూ రాజుగారి సభలోకి వెళ్లాయి. వారం తిరక్కుండా వాళ్లిద్దరూ ఇల్లు ఖాళీ చేశారు.