చుక్క నీరు కారని ఇల్లు

బస్సు బాడీలు కట్టే షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసిన ఆ మేస్త్రీకి ఉన్న గర్వం ఒక్కటే. ఆయన చేతిమీదుగా బయటికెళ్లిన ఏ బస్సులోనూ వానకు ప్రయాణికుడి భుజం తడవలేదు.

బాడీ పూర్తయ్యాక రెండు పైపులతో అరగంటసేపు పైనుంచి నీళ్లు కొట్టేవారు. ఆ అరగంటా లోపల తలుపులేసుకుని ఒక మనిషి టార్చి, సుద్దముక్క పట్టుకుని కూర్చోవాలి. చుక్క కనబడిన చోట గీత గీయాలి. గీత ఉన్నచోటల్లా సందు మూసే సీలెంట్ పూయాలి. చేరిన కొత్తలో ఆయన్ని ఆ పనికి కూర్చోబెట్టారు. మేస్త్రీ అయ్యాక కూడా ఆ చోటు ఆయన ఇంకొకరికి ఇవ్వలేదు. అందుకే షెడ్డులో అందరికీ ఆయన ‘చుక్కల మేస్త్రీ’.

పని మానేసిన ఏడాదికి కూతురి కోసం ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. కూతురు వంతెనల సర్వేయరు. ఒక వంతెన దగ్గర నాలుగు నెలలు, ఇంకోదాని దగ్గర ఆరు నెలలు. పాప పుట్టినప్పటినుంచి సెలవులో ఉంది. సెలవు ముగిసే సోమవారం చేరకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆఫీసు వాళ్లు తేల్చి చెప్పారు. వంతెన కట్టేచోట అద్దె ఇళ్లు లేవు. అల్లుడికి బదిలీ కావడానికి మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా పాప అమ్మమ్మ, అంటే ఆయన భార్య, తోడు వెళ్తుంది. కాబట్టి ముగ్గురు పట్టే ఇల్లు కావాలి, అదీ జీపు వెనక తగిలించుకుని లాక్కెళ్లేది.

ఇంటి ఆకారం కోసం నత్తగుల్ల చూశాడు, తాబేటి డిప్ప చూశాడు, చివరికి కోడిగుడ్డు దగ్గర ఆగాడు. రెండు అరచేతుల మధ్య పొడవుగా పెట్టి గట్టిగా నొక్కినా పగలలేదు. మూల ఉన్నచోట అతుకు, అతుకు ఉన్నచోట నీరు. గుడ్డుకి మూలే లేదు! పలచని అల్యూమినియం రేకుతో పన్నెండడుగుల గుడ్డు కట్టాడు. మొద్దు కొస వైపు మంచం, సన్న కొస వైపు పొయ్యి. గోడ వంపులో పాపకి పక్క సరిగ్గా ఇమిడిపోయింది.

“ఇన్నాళ్లూ జనాన్ని బస్సులెక్కించారు, ఇప్పుడు మమ్మల్ని గుడ్డులో పెట్టి పొదుగుతారా?” అంది భార్య.

“ఎక్కి చూసి మాట్లాడు. మూత పెట్టిన డబ్బాలా ఉంటుంది.”

కూతురు చేరాల్సిన సోమవారానికి ముందు మంగళవారం, పైపులతో నీళ్లు కొట్టించాడు. లోపల చుక్క లేదు. ఆ రాత్రి అమ్మమ్మ, కూతురు, పాప పెరట్లో అందులోనే పడుకున్నారు. చలికాలం కాబట్టి తలుపు, కిటికీ బిగించారు.

బుధవారం పొద్దున తలుపు తెరిచేసరికి పాప పక్క మీద గోడకి చుక్కలు. ఆయన మొహం మాడిపోయింది. సుద్దముక్క తీసి పదకొండు గీతలు గీశాడు, పదకొండు చోట్లా సీలెంట్ పూశాడు. గురువారం గీతలు ఇరవై మూడయ్యాయి. ఈసారి కిటికీ చుట్టూ, తలుపు కింద కూడా రబ్బరు పట్టీ బిగించాడు. శుక్రవారం గోడంతా చెమటపట్టింది. పరుపు ఎత్తి చూస్తే అడుగు తడిసి ముద్దయింది, అంచున నల్లటి చుక్కల్లా బూజు. పాపకి ముక్కు దిబ్బడ, పొడిదగ్గు.

“నాన్నా, రాత్రి వాన పడిందా?” కూతురు పాపని భుజాన వేసుకుని అడిగింది.

“లేదు.”

“మరి నీళ్లెక్కడివి?”

“ఎక్కడో సందుంది. దొరుకుతుంది.”

“నీ సందు దొరికేదాకా దీని ఊపిరితిత్తులు ఆగవు నాన్నా. ఆదివారం దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే నేను రానని ఆఫీసుకి రాసేస్తాను.”

ఆయన వంటింట్లోకి వచ్చి కూలబడ్డాడు. “గుడ్డులోకి చుక్క దూరదే! నేనెక్కడ తప్పు చేశాను?”

భార్య గిన్నెలు కడుగుతూనే ఉంది. “మా అమ్మ గుడ్లు చెడిపోకుండా నూనె రాసి దాచేది. పొదగడానికి పెట్టినవాటికి మాత్రం నూనె తగలనిచ్చేది కాదు.”

“ఎందుకని?”

“నూనె రాస్తే లోపల పిల్ల బతకదట. పెంకుకి కంటికి కనబడని కన్నాలుంటాయి కదా. అవి మూసుకుపోతే ఊపిరెక్కడిది? మీరు మూడు రోజుల్నుంచీ మాకు రాస్తున్నది నూనే కదండీ.”

ఆయన లేచాడు. పెరట్లోకి వెళ్లి, పాత తువ్వాలుతో ఆ గోడంతా తుడిచి గ్లాసులోకి పిండాడు. ముప్పావు గ్లాసు వచ్చింది. కిటికీ అద్దం దగ్గర నోరు పెట్టి ఊదితే అద్దం మసకబారింది. ఆ గ్లాసులో ఉన్నది బయటి నీరు కాదు. రాత్రంతా పడుకున్న ముగ్గురి ఊపిరి, పొయ్యి మీద మరిగిన పాల ఆవిరి, లోపల ఆరేసిన పాప గుడ్డల తడి. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన చూసిన చుక్క ప్రతిదీ బయటినుంచి వచ్చిందే. బస్సులో ఎవరూ తలుపులు బిగించుకుని నిద్రపోలేదు మరి.

మధ్యాహ్నం డ్రిల్లు పట్టుకుని నిచ్చెనెక్కాడు. పూర్తయిన కప్పుకు కన్నం పెట్టడం ఆయన పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. రేకు మీద గుర్తు పెట్టుకుని కూడా చెయ్యి కదలక నిలబడిపోయాడు.

“కప్పు ఏడుస్తుందని భయమా?” కింద నిచ్చెన పట్టుకున్న భార్య కేకేసింది.

“ఉండవే, దొలుస్తున్నాను!”

మంచం మీదుగా పైన అరచేతి వెడల్పున రెండు కన్నాలు కోసి, వాన పడకుండా గొడుగుల్లాంటి రేకులు బిగించాడు. పొయ్యి వైపు నేలకి జానెడెత్తున ఇంకో కన్నం కోసి జాలీ పెట్టాడు. తలుపు కింది రబ్బరు పీకేశాడు. పరుపు కింద ప్లైవుడ్ తీసి, వేలెడు వేలెడు సందుతో చెక్క పట్టీలు కొట్టాడు. పాప పక్కని గోడకి నాలుగంగుళాలు ఇవతలికి జరిపాడు.

శనివారం పొద్దున గోడ పొడిగా ఉంది. ఆదివారం కూతురు పరుపెత్తి అడుగున అరచెయ్యి ఆనించింది, సరిపోక చెంప ఆనించింది. తర్వాత కిటికీ వైపు చూసింది. అద్దం కింది అంచున సన్నగా తడి గీత.

“ఇది?”

ఆయన సీలెంట్ గొట్టం కోసం వెతుక్కోలేదు. “అది పోదమ్మా. మనుషులున్నచోట ఆ మాత్రం చెమ్మ ఉంటుంది. రోజూ పొద్దున్నే తుడువు. చలేసినా సరే, పైకన్నాలు మాత్రం మూయకు. దుప్పటి ఇంకోటి కప్పుకో.”

“మీ నోటివెంట ఈ మాట వినడానికి మీ షెడ్డువాళ్లని పిలవాల్సింది,” అంది భార్య.

కూతురు పాప ముక్కు దగ్గర చెవి పెట్టి కాసేపు విన్నది. గురగుర తగ్గింది. ఫోన్ తీసి ఆఫీసుకి రెండు మాటలు రాసింది: “రేపు చేరుతున్నాను.” ఆ తర్వాత ఇంట్లోంచి రెండు పాత తువ్వాళ్లు తెచ్చి కిటికీ పక్క మేకుకి తగిలించింది.

“పదమ్మా, తొందరగా సామాన్లెక్కిద్దాం,” అంది అమ్మమ్మ. “ఇంకో రోజు ఆగితే ఈయన నేలకి కూడా కన్నాలు పెడతాడు.”